తవ్వకం ఒకరిది, పూడిక ఎవరిది?

చేసినవాడే అనుభవించాలన్నది కర్మ సిద్ధాంతం. గ్రావెల్ క్వారీ దగ్గరికి వచ్చేసరికి ఈ న్యాయం తలకిందులవుతుంది. గుట్టను తవ్వి టిప్పర్లకు ఎత్తినవాడికి డబ్బు ముడుతుంది. వానకు కొట్టుకొచ్చిన ఎర్రమట్టి మాత్రం వాగులో పడి, దిగువ చెరువు చేరి, తూముకు అడ్డం పడి, ఆ క్వారీ మొహమే చూడని రైతు మడిని ఎండబెడుతుంది. కర్మ ఎగువన, ఫలం దిగువన. విడిపోయిన ఈ రెంటినీ మళ్లీ కలిపేదెవరు?

తవ్వడమే పాపమని మన సంప్రదాయం అనలేదు. అథర్వవేదంలోని భూమి సూక్తం తవ్వేవాడి తరఫునే మాట్లాడుతుంది. తవ్విన చోటు త్వరగా మళ్లీ చిగురించాలనీ, భూమి మర్మస్థానానికి దెబ్బ తగలకూడదనీ కోరుతుంది. అంటే తీసుకోవడానికి అనుమతి ఉంది, దాని వెంట ఒక పూచీ కూడా ఉంది. ఆ పూచీ నెరవేరిందో లేదో చూడటమే తనిఖీ.

క్వారీలో ఆ చూపు నీటి వెంట నడవాలి. గుంతలోకి బయటి వాననీరు రాకుండా చుట్టూ గార్లండ్ డ్రెయిన్ తవ్వాలి. మట్టి కలిసిన నీరు సెట్లింగ్ ట్యాంకులో నిలిచి, తేరుకున్నాకే వాగులోకి వెళ్లాలి. ముతక ఇసుక క్షణాల్లో అడుగుకు దిగుతుంది. మెత్తని బంకమట్టి రేణువులు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటాయి. ట్యాంకు సగం పూడితే నీరు నిలిచే సమయమూ సగానికి పడిపోతుంది, బురద బురదగానే బయటికి పోతుంది. అందుకే ట్యాంకు ఉందా అని అడిగితే చాలదు, కర్ర దించి పూడిక ఎంత లోతుందో చూడాలి. డ్రెయిన్‌లో గడ్డి ఏపుగా పెరిగి ఉంటే దాన్ని బాగుచేసి చాలాకాలమైందన్నమాట. బయట వాగు రాళ్లకు ఎర్రటి పూత అంటుకుని ఉంటే, లోపల ఏ రిజిస్టరు ఏం చెప్పినా నిజం ఆ రాళ్ల మీదే ఉంది. ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలంలో తేలియాడే ఘనపదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటరాదని పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణం.

మండువేసవిలో వచ్చి చూస్తే ఏ కాలువైనా బాగానే కనిపిస్తుంది.

ఇలా దోషాలు వెతికే చూపు మనకు కొత్తదేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి అక్కడి శాసనం మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలనూ, చెరువుకు పట్టే 6 దోషాలనూ వరుసగా చెబుతుంది. రాయి దొరికే గని దగ్గర్లో ఉండటం ఆ సాధనాల్లో ఒకటి. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చవిటిది కావడం దోషాలు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కకు వచ్చే పుణ్యకార్యం. అయినా ఆ పుణ్యాన్ని చెక్కిన రాయి మీదే కట్ట కారకూడదనీ చెక్కారు. భక్తి ఎంత ఉన్నా కట్టను పరీక్షించక తప్పదని వాళ్లకు తెలుసు.

ఆ దోషాల్లో మరొకటి నేటికీ అక్షరాలా వర్తిస్తుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. ఇప్పుడు రాజ్యాలు పోయి శాఖలు వచ్చాయి. లీజు సంగతి గనుల శాఖది, కాలుష్యం సంగతి నియంత్రణ మండలిది, చెరువు బాగోగులు నీటిపారుదల అధికారులవి. క్వారీకీ చెరువుకూ నడుమ పారే వాగు ఎవరి పద్దులోకీ రాకుండా జారిపోతుంది.

విడిపోయిన కర్మను, ఫలాన్ని కలిపే పని న్యాయస్థానాలూ చేశాయి. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో ఈ దేశపు చట్టంలో భాగమని చెప్పింది. 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో, ఇలాంటి జలవనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సిద్ధాంతాన్ని నిలబెట్టింది. 2012లో దీపక్ కుమార్ కేసులో, 5 హెక్టార్ల లోపు చిన్న తరహా ఖనిజాల లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. చిన్న గుంతలే కదా అని వదిలేస్తే అన్నీ కలిసి పెద్ద నష్టమవుతాయన్నది అందులోని వివేకం.

ఇక గ్రావెల్ వాడుకునేవాళ్ల సంగతి. కిరాతుడు వాల్మీకిగా మారిన కథ తెలుగిళ్లలో అందరికీ తెలుసు. దోచి తెచ్చింది తిన్న కుటుంబం పాపంలో వాటా మాత్రం వద్దంది. ఇంటి స్థలం మెరక చేయించుకునేవాళ్లు, కొత్త రోడ్డు మీద తిరిగేవాళ్లు అదే జవాబు చెప్పి తప్పుకోలేరు. లోడు ధరలో చెరువు పూడికతీత ఖర్చు కలవనంత కాలం, ఆ ఖర్చును దిగువ రైతు తన పంటతో కడుతున్నట్టే. అది ధర్మం కాదు.

కాబట్టి తనిఖీ వానాకాలంలో, ఆయకట్టు రైతుల సమక్షంలో జరగాలి. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి లీజుదారూ షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. అవి ప్రజా పత్రాలు, దరఖాస్తు చేసిన ఎవరికైనా నకలు ఇవ్వాల్సిందే. మీ ఊరి గుట్ట మీద క్వారీ ఉంటే ఆ నకలు అడిగి తీసుకోండి. పెద్ద వాన పడిన మర్నాడు దాన్ని చేతిలో పట్టుకుని వాగు దాకా వెళ్లి సరిచూడండి.