ఒక్క జాతి పచ్చదనం



బేత్సయిదాలోని గ్రుడ్డివానిని ప్రభువు స్వస్థపరచిన వైనం మార్కు సువార్త 8వ అధ్యాయంలో చదువుతాము. ప్రభువు మొదటిసారి చేతులుంచినప్పుడు అతనికి మనుష్యులు నడిచే చెట్లవలె కనిపించారు. రెండవసారి చేతులుంచిన తరువాతనే అన్నీ తేటపడినవి. చెట్ల విషయంలో మనకింకా ఆ మొదటి చూపే ఉన్నది. కొండ పచ్చగా అగుపిస్తే చాలు, అడవి అనుకుంటాము.

మన చెరువు గట్లు, వంకలు చూడండి. వాన లేని ఏడు కూడ పచ్చగా ఉండేది సీమజాలి. 1877లో జమైకా నుండి వచ్చిన దీని విత్తనాలను మన ప్రక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటారు. పశువులు, మేకలు కాయలు తిని గింజలను ఊరూరా చల్లినవి. పేదల పొయ్యికి కట్టెలిచ్చిన చెట్టును నేను నిందించను. కాని దాని నీడన మరొక మొలక లేవడం కష్టం.

అడవిని పరిశీలించేవారు పచ్చదనంతో తృప్తిపడరు. ఎన్ని జాతులున్నవో లెక్కిస్తారు. రొమ్ము ఎత్తున మాను చుట్టుకొలత వ్రాసుకుంటారు. ముసలి మాను ప్రక్కన పడుచు చెట్టు, దాని క్రింద మొలక ఉన్నవా, ఈ ముక్కకు ఆవలి ముక్కతో పొత్తు ఉన్నదా అని చూస్తారు. అన్నీ లావు మానులే ఉండి మొలక లేకపోతే, ఆ అడవి నిలుచుండగానే ముగిసిపోతున్నదన్నమాట. (పీఠం దగ్గర నిలబడి దేవాలయంలోని బల్లలవైపు చూచినప్పుడు నాకీ మాటే గుర్తుకు వస్తుంది.)

దేవుని మంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ పూర్తిగా చూపలేదని, ఒకదానిలో కొరవడినది మరొకదానిలో కనబడేందుకే ఆయన ఇన్ని విధాలుగా సృజించాడని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ బోధను గుర్తుచేశారు. రోడ్లు, కంచెలు, క్రొత్త తోటలు అడవిని ముక్కలు చేస్తే జీవులకు దారి మూసుకుపోతుందని కూడ వ్రాశారు. సెమినరీలో తోమాసుగారి వాదాన్ని పరీక్ష కోసం బట్టీపట్టిన నేనే, వెనుకటి విచారణలో గుడి స్థలమంతా నీలగిరి నాటించాను. డబ్బు వచ్చింది, దాచను. గడ్డి మాత్రం పోయింది.

చెన్నేకొత్తపల్లి దగ్గర, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, తింబక్తు కలెక్టివ్ 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైంది. తరువాత చుట్టుప్రక్కల ఊళ్ళవారితో కలిసి కల్పవల్లి కొండలను కాపాడారు. నాటినదానికంటె కాచినదే ఎక్కువ. ఎండాకాలపు నిప్పును ఆపారు. నేలలో మిగిలిన వేళ్ళు, మొద్దులు తామే చిగిర్చినవి. వంకల్లో ఈత తిరిగి వచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని సీమలో! 2010 ప్రాంతం నుండి ఆ కొండల నెత్తిన గాలిమరలు, వాటికోసం రోడ్లు వచ్చినవి. కరెంటు మనకూ కావాలి. కాని ఇరవై ఏండ్లు కాచిన పచ్చదనం ముక్కలైంది.

ఇప్పుడు మా విచారణ సంగతి. సమాధుల తోట వెనుక మూడెకరాలున్నది. దేవాలయం పైకప్పు కారుతున్నది, నీలగిరి వేద్దామని పెద్దలంటున్నారు. వారి బాధ నిజమే. అయినా నేను ఒప్పుకోలేదు. పడమటి గట్టున రెండు ముసలి నారేపి మానులు, ఒక బిల్లు చెట్టు, కొన్ని రేగు పొదలు ఉన్నవి. నారేపి నారతో మన తాతలు మోకులు పేనారు. వాటి క్రింద ఒక్క మొలక లేదు, మేకలు మిగలనివ్వవు. ముందు కంచె వేసి రెండేండ్లు ఆగుదామని, ఆ తరువాత వేప, కానుగ, చింత, నేరేడు కలిపి నాటుదామని, కొండదాకా వంక వెంట పొదలు కొట్టవద్దని చెప్పాను. మీ విచారణలోనూ ఇటువంటి నేల ఉంటే, గునపం పట్టకముందు ఒకసారి అక్కడ ఏమేమి బ్రతికి ఉన్నదో లెక్కపెట్టండి.

మేకలున్న మూడు ఇండ్లవారు నాతో సరిగా మాట్లాడటం లేదు. కంచె లోపలి గడ్డి కోత వారికే ఇవ్వాలని వచ్చే ఆదివారం పూజ తరువాత సభలో అడుగుతాను. పైకప్పుకు చందాలు కూడ అప్పుడే అడగాలి.