బూడిద కాకముందే

ఇంకా తెల్లవారలేదు. చేల మీద మంచు పరుచుకుని ఉంది, మంచు కింద సన్నగా ఇంకో పొగ. పత్తి ఏరడం అయిపోయింది. కట్టె పీకి, కుప్ప వేసి, రాత్రి ఎవరో అంటించారు. ఆ వాసన వాకిట్లోకి వస్తోంది.

మొక్క ఆరు నెలలు గాలిలోంచి పీల్చి పోగు చేసుకున్నది ఒక్క రాత్రిలో మళ్ళీ గాలికే పోయింది. తెచ్చుకున్న చోటే ఇచ్చేసింది, లెక్క సరిపోయిందని సర్దుకోవచ్చు. కానీ ఆ గాలి ఇప్పుడు మునుపటి గాలి కాదు. నేల కడుపులోంచి తవ్విన బొగ్గు, తోడిన చమురు కాల్చి ఏటా 3,500 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను దానికి ఎత్తుతున్నాం. ఇంత బరువు మీద, తీసుకున్నదాంట్లో కొంతైనా తిరిగి ఇవ్వకుండా నేలలో దాచుకోగలమా అన్న ఆలోచన ఈ వాసన వచ్చినప్పుడల్లా కదులుతుంది.

నాయనమ్మ గుర్తొస్తుంది. వంట అయ్యాక పొయ్యిలో కణకణలాడే నిప్పుల్ని ఆమె ఊరికే వదిలేది కాదు. కట్టెను వెనక్కి లాగి, నిప్పుల మీద చెంబుతో నీళ్ళు చిలకరించేది. సుయ్యిమని ఆవిరి లేచేది. ఆరిన బొగ్గుల్ని చాటలో ఎండబెట్టి పాత కుండలో దాచేది, కుంపటికి, ఇస్త్రీ పెట్టెకు, సాంబ్రాణికి. కుండ అడుగున మిగిలిన నుసి పెరట్లో అరటిపాదుకు పోయేది. కాసేపు ఆలస్యమైతే పొయ్యిలో గుప్పెడు బూడిదే ఉండేది.

ఆ చెంబెడు నీళ్ళకూ బయోచార్ అనే కొత్త మాటకూ మధ్య దూరం ఎంతో లేదనిపిస్తుంది.

కట్టెకు గాలి సరిగా అందనివ్వకుండా నాలుగైదు వందల డిగ్రీల వేడిలో కాలిస్తే, అందులోని కార్బన్‌లో సగం దాకా బొగ్గుగా నిలుస్తుంది. నేలలో కలపడానికి ఇలా చేసిన బొగ్గే బయోచార్. ఆకు అలమూ పేడా మట్టిలో కొన్నేళ్ళకే కుళ్ళి గాలిలో కలుస్తాయి. బొగ్గు మాత్రం సూక్ష్మజీవులకు అంత తేలిగ్గా కొరుకుడు పడదు, వందల ఏళ్ళు ఉంటుంది. నేలలో నిలిచిన ఒక్క కిలో కార్బన్ అంటే, గాలిలో మూడున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు. 2018లో వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ నివేదిక గాలిలోంచి కార్బన్‌ను తీసే మార్గాల్లో దీన్నీ చేర్చింది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, పత్తి కట్టె, కంది కట్టె కాల్చడానికి మామూలు ఇనుప డ్రమ్మునే బట్టీగా మలిచింది.

డ్రమ్ము లేకపోయినా గుంత చాలు. కిందటేడు పక్క చేను పెద్దాయన గరాటులా గుంత తవ్వి పత్తి కట్టె కాలుస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. ముందు అడుగున కొద్దిగా అంటించాడు. మంట పైకి లేచాక ఆ మంటే మూతైంది. వచ్చే గాలినంతా అదే తినేస్తుంది, కింద ఉన్నది బూడిద కాకుండా నల్లబడుతుంది. పై పుల్లల మీద సన్నగా తెల్లటి పొర కనిపించగానే ఇంకో మోపు వేసేవాడు. తొందరపడితే పొగ, ఆలస్యమైతే బూడిద. మూడు గంటలు ఆయన చూపు ఆ తెల్లదనం మీంచి పక్కకు పోలేదు. మాట కలిపితే "ఊఁ" అనేవాడు, అంతే. చివరికి గుంత నిండా నీళ్ళు పోశాడు.

చల్లారాక ఒక ముక్క తీసుకున్నాను. పత్తి పుల్ల ఆకారం చెడలేదు, కణుపు కూడా తెలుస్తోంది. బరువే లేదు. రెండు ముక్కలు తాకిస్తే గాజులు తగిలినట్టు మోగాయి. లోపలంతా కంటికి కనపడని గదులే. ఒక గ్రాములోని గోడలన్నీ పరిస్తే వంద చదరపు మీటర్లు దాటవచ్చట. నీళ్ళు ఆ గదుల్లోనే ఆగుతాయి. కానీ పచ్చి బొగ్గును నేరుగా చేలో వేస్తే అది ముందు తన ఆకలే తీర్చుకుంటుంది, పైరుకు అందాల్సిన నత్రజనిని తనలో పట్టేసుకుంటుంది. అందుకే ఆయన దాన్ని పేడనీళ్ళలో నానబెట్టి, పెంటలో కలిపి, వానలకు గానీ చేనికి తోలలేదు. ఇవ్వాలంటే ముందు నిండాలి కాబోలు, బొగ్గుకైనా.

అమెజాన్ అడవుల్లో చేవలేని ఎర్రమట్టి మధ్య అక్కడక్కడ నల్లటి నేలలున్నాయి. తెర్రా ప్రేతా అంటారు, నల్లమట్టి అనే అర్థం. వందల, వేల ఏళ్ళ కిందటి బొగ్గు, కుండపెంకులు, చేపముళ్ళు అందులో ఇంకా దొరుకుతాయి, పంట ఇంకా బాగా పండుతుంది. 1542లో అమెజాన్ నదిలో ప్రయాణించిన స్పెయిన్ దేశపు ఒరెయానా బృందం ఒడ్డున పెద్ద పెద్ద ఊళ్ళు చూశామంది. తర్వాత వెళ్ళినవాళ్ళకు అడవే కనిపించింది, ఆ మాట చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఊళ్ళు పోయాయి, పొయ్యిలోంచి ఎత్తిపోసిన బొగ్గు మిగిలింది. తెలిసే నేలను అలా తయారుచేశారా, పెరటి పెంటకుప్పే తరాల తరబడి అలా మారిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. అరటిపాదు దగ్గర నాయనమ్మను అడిగినా ఏం చెప్పేదో. పారబోశాను అనేదేమో.

ఒక విషయం తేలక తిరుగుతూనే ఉంటుంది. బొగ్గు మంచి ఇంధనం. కట్టె కాలేటప్పుడు వచ్చే వాయువులతో వేడి, కరెంటు పుట్టించవచ్చు, కానీ కట్టె శక్తిలో దాదాపు సగం బొగ్గులోనే ఉండిపోతుంది. దాన్ని పూడ్చడమంటే చేతిలో ఉన్న నిప్పును వద్దనుకోవడం. ఇంతకాలం దొరికినదల్లా చివరిదాకా కాల్చడమే తెలివి అనుకున్నాం. సగంలో ఆపి, చాలు అనడం మనకు చేతనవుతుందా?

అన్ని నేలలూ ఒకేలా స్పందించవు. ఆమ్లగుణమున్న, చేవ తగ్గిన నేలలకు బయోచార్ బాగా పనికొస్తుంది, ముందే క్షారమున్న నేలకు మరింత క్షారం చేర్చవచ్చు. అడవులు నరక్కుండా, తిండిపంటల భూమిని లాక్కోకుండా చేస్తే ఏటా మనుషులు వదిలే ఉద్గారాల్లో మహా అయితే 12 శాతానికి సమానమైనంత తగ్గించవచ్చని 2010లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. నాకు ఆ అంకె కన్నా దాని ముందున్న షరతులే ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. బొగ్గుకు ధర పలికితే చెట్టు మీద గొడ్డలి పడదా? పత్తి కట్టే వంటచెరకైన ఇళ్ళలో పొయ్యి మాటేమిటి?

రాత్రి ఆ కుప్ప అంటించినవాళ్ళను తప్పుపట్టలేను. కాయ తొలిచే గులాబీ రంగు పురుగు మళ్ళీ లేవకూడదంటే కట్టె చేలో ఉండకూడదు. కూలి భారం, దుక్కి తొందర. గుంత దగ్గర మూడు గంటలు కూర్చునే తీరిక ఎవరికుంది!

వెలుగు వచ్చింది. పొగ పలచబడింది. నడుచుకుంటూ చేను దాకా వెళ్ళాను. కుప్ప ఉన్నచోట తెల్లటి గుండ్రం, గాలికి బూడిద మెల్లగా లేస్తోంది. అంచున మాత్రం, మంచుకు తడిసి మంట ముందే ఆరిన చోట, నల్లటి ముక్కలు కొన్ని మిగిలాయి.