కరువు కాలపు బాప్తిస్మం

ఆకలిగొన్న మనిషి కొత్త దేవుణ్ణి ఒప్పుకుంటే అది విశ్వాసమా, గింజల కోసం పడిన పాట్లా? ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ఈ ప్రశ్న ధాత కరువులో ఎదురైంది.

ఆ మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. తొలి విశ్వాసుల్లో ఒకడు పెద్దయెత్తున తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడైన ఈయన క్రైస్తవ బోధ వినకముందే యోగ బోధ పొంది, గురువుల వెంట తిరిగినవాడు. మాదిగపల్లెల్లో ఈ వెతుకులాట కరువుకు చాలాముందే ఉంది. ఈ సంగతి మరిస్తే తర్వాతి కథంతా తిండి లెక్కగానే కనబడుతుంది.

1876లో వానలు తప్పి ధాత కరువు వచ్చింది. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం మొదలైనప్పుడు, యవ్వనంలో సర్వే పని నేర్చిన క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మొన్నటిదాకా ఊరూరా నడిచి సువార్త చెప్పినవాళ్లు పొద్దున్నే కూలీలను లెక్కపెట్టడం, కట్టమీద తవ్వకం చూడడం, కలరా సోకినవాళ్లను కనిపెట్టుకోవడంలో పడ్డారు. మగవాళ్లు మట్టి తవ్వితే ఆడవాళ్లు తట్టలు మోశారు. పని ఆగినప్పుడు బోధకులు అక్కడే కూర్చుని, భారం మోసేవాళ్లను పిలిచే క్రీస్తు మాట చెప్పేవారు. తట్ట దించిన మనిషికి ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. కూలికీ విశ్వాసానికీ ముడిపడకూడదన్నది ఆయన పట్టు. ఆ పట్టు గౌరవించదగ్గదే. ఆకలి తీర్చే చెయ్యి బదులు అడిగితే అది దానం కాదు, బేరం. అయితే ఈ పరీక్ష ఎప్పుడూ పేదవాడికే పెడతారు. కడుపు నిండినవాడి భక్తిలో ఎంత భయముందో, ఎంత ఆశ ఉందో ఎవరూ తూచరు.

కాలువ పని ముగిశాక కూడా జనం వచ్చారు. ఇక సాయం లేదన్నా వెళ్లలేదు. తమకు కూడు అక్కర్లేదని, చేతుల బొబ్బలే అందుకు సాక్ష్యమని, చావే వస్తే క్రైస్తవులుగా చస్తామని వాళ్లన్నట్టు క్లౌ ఆత్మకథలో ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో నిలిచినవాళ్లు తెలుగు బోధకులే. ఇద్దరిద్దరుగా దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాతి బతుకే అసలు జవాబు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు: సంఘం పెట్టిన నియమాలివి. మాదిగకు కళ్లంలో గింజల వాటా వచ్చేది చెప్పులు కుట్టినందుకు, తోలు పని చేసినందుకు, జాతరలో డప్పు కొట్టినందుకు. విగ్రహాలను కొలవకూడదని జాతర డప్పు మానితే ఊరి పెద్దల ఆగ్రహం, వాటాకే ముప్పు. గింజల కోసమే మతం మారారన్న మాట ఆ కళ్లం దగ్గర నిలవదు.