ఇంటిపేరు అడగని తర్పణం

తర్పణంలో ఇంటిపేరు చెప్పరు. గోత్రం చెబుతారు, పేరు చెబుతారు, వసురూపమనో రుద్రరూపమనో ఆదిత్యరూపమనో అంటారు, నువ్వులూ నీళ్లూ వదులుతారు. శుభలేఖలోనూ ఆస్తి దస్తావేజులోనూ ముందు కూర్చునే ఇంటిపేరుకు పితృదేవతల ఎదుట చోటే లేదు. మా పుట్టింటి వంశవృక్షం రాయడానికి పూనుకున్న దగ్గర్నుంచి ఈ సంగతి నన్ను వదలడం లేదు.

నాన్నగారు పోయాక వచ్చిన మహాలయ పక్షంలో డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ముత్తాతగారి పేరేమిటి? ఇక్కడి పురోహితుడుగారు మూడు తరాలూ చెప్పమంటున్నారు" అన్నాడు. తొంభై దాటిన మా పెద్దమేనత్తను అడిగాను. "మీ నాన్నకి పెట్టింది ఎవరి పేరనుకున్నావే? మా తాతయ్య పేరే" అంది. మనవడికి తాత పేరు పెట్టుకునే ఆచారం ఒక పేరును అలా నిలిపి ఉంచింది. ఆపైన ఎవరో ఆవిడకూ తెలియదు. అక్కడ మొదలైంది నా వెతుకులాట.

మా ఇంటిపేరు చేబ్రోలు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉంది ఆ ఊరు. కాకతి గణపతిదేవుడి సేనాని జాయప 1213లో వేయించిన శాసనం అక్కడిదే. 'నృత్తరత్నావళి' రాసింది ఆ జాయపే. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి మధ్య ఉంది. శాతవాహన విజయుడి కాలపు సంస్కృత శాసనం, సాధారణ శకం 207 నాటిది, 2019లో వెలుగులోకి వచ్చింది. ఈ వైభవమంతా ఊరిది. అందులో మాకు వాటా ఉందని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. చేబ్రోలులో ఉన్నవాళ్లను చేబ్రోలువారని ఎవరూ పిలవరు కదా. ఆ ఊరు విడిచి గోదావరి ఒడ్డుకు చేరాకే మావాళ్లు చేబ్రోలువారయ్యారు. వలస వచ్చినవాళ్లకు కొత్త ఊరు పెట్టిన గుర్తు అది.

కైఫియత్తులు తిరగేశాను. కల్నల్ కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి వృత్తాంతం రాయించకపోతే, ఆ కాగితాలు శిథిలమవుతున్న రోజుల్లో సి.పి. బ్రౌన్ నకళ్లు తీయించకపోతే మన పల్లెలకు ఈపాటి చరిత్ర కూడా మిగిలేది కాదు. వాళ్లకు దణ్ణం పెట్టాలి. కొండవీటి సీమ కైఫియత్తుల్లో రెడ్లు వస్తారు, గజపతులు వస్తారు, 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు గెలవడం వస్తుంది. గోపరాజు రామన్న అనే ప్రధాని నియోగులకు గ్రామ కరణికాలు పంచిపెట్టిన కథ మళ్లీ మళ్లీ వస్తుంది. ఎందుకు రాదు? చెప్పినవాళ్లలో చాలామంది కరణాలే. గుడి కట్టించిన ప్రభువు పేరుంటుంది, మాన్యం పుచ్చుకున్నవాడి పేరుంటుంది. చెరువు తవ్వినవాళ్లెవరు, ఆ గుడికి కుండలు చేసిందెవరు, బట్టలుతికిందెవరు? వాళ్లకు కులం పేరే తప్ప సొంత పేరు దొరకదు. వంశాల కోసం కైఫియత్తులు చదివేవాళ్లు ఈ మౌనాన్ని కూడా చదవాలని నా మాట.

మాకు ఆధారం దొరికింది ఇనాం ఫెయిర్ రిజిస్టరులో. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలు విచారించి రాయించిన దస్త్రం అది. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఆయన వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని గడులుంటాయి. ముత్తాతగారి తండ్రి పేరు అక్కడ కనిపించింది. ఆ పేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆయన భార్య పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో, ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఏదీ లేదు.

పది తరాలు వెనక్కి వెళితే లెక్కకు ఒక్కొక్కరికి 1024 మంది పూర్వులు. ఇంటిపేరు అందులో ఒక్కరి దారినే చూపిస్తుంది. ఆ ఒక్క దారైనా తిన్నగా ఉంటుందా? చలం పుట్టింది కొమ్మూరివారింట. మాతామహుడు దత్తత తీసుకోవడంతో గుడిపాటి వెంకటచలం అయ్యాడు. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి, వైయాకరణి దువ్వూరి వేంకటరమణశాస్త్రి ఇంటిపేరు ఒకటే, కులాలు వేరు. ఊరి మట్టి ఇద్దరికీ పేరిచ్చింది గాని రక్తం సంగతి చెప్పలేదు.

అందుకే తర్పణం ఇంటిపేరు అడగకపోవడం నాకు లోపంగా కనిపించదు. సపిండీకరణంలో పోయినవారి పిండాన్ని మూడు భాగాలు చేసి పైమూడు తరాల పిండాల్లో కలుపుతారు. కొత్తగా ఒకరు చేరితే పైనున్న ఒకరు ఆ వరుస దాటిపోతారు. వంశాన్ని దాచిపెట్టుకోమని కాదు, సాగనంపమని ఆ కర్మ చెబుతోంది. పితరుల పేర్లు తెలియకపోతే భూమి మీద ఉన్నవారికి, అంతరిక్షంలో ఉన్నవారికి, ద్యులోకంలో ఉన్నవారికి అని పిండం పెట్టమంది ఆపస్తంబ శ్రౌతసూత్రం. తర్పణం చివర తల్లీ తండ్రీ బంధువూ లేనివారికి, గోత్రం చెప్పేవారు లేనివారికి కూడా నీళ్లు వదులుతారు. చెరువు తవ్విన ఆ పేరులేని మనిషికి కైఫియత్తులో దొరకని చోటు ఇక్కడ దొరుకుతుంది. పితృఋణమంటే మన ఇంటి మగవాళ్ల జాబితా కాదని నాకు తెలిసింది ఈ నీళ్ల వల్లే.

ఒక్క విషయంలో మాత్రం ఆచారంతో నాకు పేచీ ఉంది. నాన్న వైపు మూడు తరాలు, అమ్మ పుట్టింటి వైపు మూడు తరాలు, వారి భార్యలతో కలిపి తలుస్తాం. నాన్నమ్మ పుట్టిల్లు? అమ్మమ్మ పుట్టిల్లు? వాళ్ల పేర్లు అత్తింటి గోత్రంతో పలికి ఊరుకుంటాం. తమ్ముడికి పంపిన కాగితంలో ప్రతి స్త్రీ పేరు కిందా ఆమె పుట్టింటి పేరు, ఊరు, తెలిసినంతమేర రాశాను. తర్పణంలో అవి పలకమని శాస్త్రం చెప్పకపోవచ్చు. వద్దని మాత్రం ఎక్కడ చెప్పింది?

2027లో గోదావరి పుష్కరాలు. పిండప్రదానాలకు వెళ్లేవాళ్లు ఇంట్లో పెద్ద ముత్తైదువలుంటే, అమ్మమ్మలుంటే, వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. మీ పుట్టింటి పేరేమిటి, మీ అమ్మ పుట్టింటి పేరేమిటి అని అడిగి రాసుకోండి. ఆ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.