పాలు ముట్టని గర్భిణికి శాస్త్రం ఏం చెబుతుంది?

సందేహం: నాకిప్పుడు నాలుగో నెల. పెళ్ళికి ముందే మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేశాను. పాల కోసం దూడల్ని తల్లుల దగ్గర నుంచి విడదీసే తీరు చూసి, దేవుడి ముందు దణ్ణం పెట్టుకుని చేసుకున్న సంకల్పం అది. మా అత్తగారు చాలా మంచివారు. కానీ గర్భిణి పాలు తాగకపోతే బిడ్డకు కీడనీ, చరకుడే అలా రాశాడనీ బెంగపడుతున్నారు. రోజూ రాత్రి కుంకుమపువ్వు పాలు గది దాకా తెస్తారు, నేను వద్దంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. డాక్టరుగారు రాసిన మందుల్లో ఒకటి జిలాటిన్ క్యాప్సూల్. అది మింగితే నా నియమం చెడినట్టేనా? పాలు తాగకపోవడం కడుపులో బిడ్డ పట్ల పాపమా? సీమంతంలో నేతితో హోమం చేస్తారు కదా, నేను పీటల మీద కూర్చోవచ్చా?
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: అమ్మా, ముందుగా మీ అత్తగారి పక్షం చెబుతాను. ఆవిడ అన్నది కల్పన కాదు. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో గర్భిణికి నెలనెలా ఏమివ్వాలో వరసగా ఉంది. మొదటి నెలలో ఏమీ కలపని చల్లని పాలు, రెండో నెలలో మధుర ఔషధాలతో కాచిన పాలు, మూడో నెలలో తేనె, నెయ్యి కలిపిన పాలు. మీకు జరుగుతున్న నాలుగో నెలలో పాల నుంచి తీసిన వెన్న, ఐదో నెలలో నెయ్యి. ఎనిమిదో నెలలో పాలతో కాచిన జావలో మళ్ళీ నెయ్యి. ఎనిమిదో నెల దాకా పాల ఊసు లేని నెల వెతికినా దొరకదు. ఇది దాచిపెట్టి మీకు నచ్చే జవాబు చెప్పడం నాకు చేతకాదు. కుంకుమపువ్వు మాత్రం ఆ వరసలో లేదు. అది తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్న మాటకు శాస్త్రంలోనూ ఆధారం లేదు, వైద్యంలోనూ లేదు. ఆ ఒక్క గ్లాసు విషయంలో మీరిద్దరూ నిశ్చింతగా ఉండవచ్చు.

అయితే చరకుడి మాట ఏ జాతి మాటో చూడాలి. మీమాంసకులు విధులను రెండుగా విడదీస్తారు. సంధ్యావందనం లాంటివి అదృష్టార్థాలు. ఎందుకు అని అడగకుండా చెప్పినట్టు చేయాలి, ఫలం కంటికి కనిపించదు. వైద్యం చెప్పేవి దృష్టార్థాలు. వాటి ప్రయోజనం ఒంట్లో కనబడాలి. గర్భిణికి బలం, బిడ్డకు పుష్టి కలగాలన్నది చరకుడి ఉద్దేశం. ఆ పుష్టి మరో దారిలో నిజంగా సమకూరితే, పాలు తాగనందుకు పాపం అంటదు. సమకూరకపోతే మాత్రం, నియమం ఎంత పవిత్రమైనదైనా మీరు జవాబు చెప్పుకోవాలి. నా సమాధానమంతా ఆ ‘నిజంగా’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది.

మీ సంకల్పం విదేశీ పిచ్చి అని ఎవరైనా అంటే ఒక సంగతి చెప్పండి. వీగన్ అన్న పేరు 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట నిజమే. కానీ దూడ గురించిన బాధ మనకు కొత్త కాదు. మనుస్మృతి అయిదో అధ్యాయం, దూడ దగ్గర లేని ఆవు పాలు తాగకూడదంటుంది. ఈనిన పది రోజుల లోపు పాలు కూడా నిషేధమే. అంతకు కాస్త ముందే ఆవు జున్ను కూడా వర్జ్యాల్లో చేరింది! జున్ను దొరికిందంటే వీధివీధీ పంచుకునే మనం ఆ శ్లోకం దగ్గర పేజీ తిప్పేస్తాం. దూడను పుట్టిన రోజునే వేరుచేసే పద్ధతిలో తీసిన పాలను స్మృతి ప్రకారం శుద్ధమైన పాలని ఎలా అనాలో, పాలను గట్టిగా సమర్థించే పెద్దలే చెప్పాలి.

ఇక మీ వ్రతం. వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని విదురుడు ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి చెబుతాడు. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ధర్మశాస్త్ర నిబంధకారులు ఉపవాసాల విషయంలో ఈ జాబితానే ఆధారంగా తీసుకుంటారు. కాబట్టి మీ క్యాప్సూల్ ప్రశ్నకు సూటి జవాబు, ఔషధం వల్ల వ్రతభంగం లేదు. వేరే రూపంలో అదే మందు దొరికే దాకా ఆ క్యాప్సూల్ ఆపవద్దు.

‘దొరికే దాకా’ అని ఎందుకన్నానో చెప్పాలంటే ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలోని ఉషస్తి కథ కావాలి. కురుదేశంలో పంటలు నాశనమై కరవు వచ్చింది. ఉషస్తి చాక్రాయణుడు భార్యతో ఒక ఊరు చేరి, కుల్మాషాలు తింటున్న ఒకాయన్ను చూసి పెట్టమని అడిగాడు. ఇవి తప్ప మరేమీ లేవని ఆయన తన ముందున్న ఎంగిలి గుగ్గిళ్ళే ఇచ్చాడు. ఉషస్తి తిన్నాడు. నీళ్ళు కూడా ఇవ్వబోతే ఎంగిలి నీళ్ళు తాగనన్నాడు. మరి ఇవి ఎంగిలి కావా అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇవి తినకపోతే నేను బతకను, నీళ్ళు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అని ఉషస్తి జవాబు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఏ ఆహారానికైనా అనుమతి అని తేల్చడానికి ఆధారం ఈ కథే.

ఆపద్ధర్మానికి ఇంత కచ్చితమైన కొలత నేను మరెక్కడా చూడలేదు. నియమం సడలాలి. ఎంత అవసరమో అంతే సడలాలి. దీన్ని మీ వంటింట్లోకి, మందుల డబ్బాలోకి తెచ్చుకుందాం.

అన్నిటికన్నా ముఖ్యం బి12. మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా లేని విటమిన్ ఇది. ఇది చాలకపోతే తల్లికి రక్తహీనత, నరాల తిమ్మిరి వస్తాయి. బిడ్డ మెదడు, నరాలు దెబ్బతింటాయి. ఆ లోటున్న తల్లి పాలు తాగే పసిబిడ్డ మెడ నిలపకుండా, నవ్వకుండా మందగించిపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భిణులందరికీ ఇచ్చే ఫోలిక్ యాసిడ్ రక్తంలో కనబడే లోటును కప్పేస్తుంది, నరాలకు జరిగే హాని లోలోపల సాగుతూనే ఉంటుంది. అందుకే ఒక్క హిమోగ్లోబిన్ చూసి ధైర్యపడకూడదు, బి12 పరీక్ష విడిగా చేయించుకోవాలి. మీకు ఊరట కలిగించే విషయం ఏమిటంటే మాత్రల్లో వాడే బి12ను సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారు చేస్తారు. అందులో ఏ జంతువు ప్రమేయమూ లేదు. కాబట్టి ఇక్కడ వ్రతానికీ గర్భానికీ తగవే లేదు. ఇది వేసుకోను అంటే అది వ్రతం కాదు, మొండితనం. ఉషస్తి గుగ్గిళ్ళు కూడా వద్దని ఉంటే ఉపనిషత్తు ఆయన్ను తలుచుకునేదే కాదు.

విటమిన్ డి3 సాధారణంగా గొర్రె ఉన్ని మీది జిడ్డు నుంచి తీస్తారు. రాళ్ళ మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ల నుంచి తీసినది కూడా బజార్లో ఉంది. డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు కోసం చేపనూనె అక్కర్లేదు. చేపలకు కూడా అది నాచు నుంచే వస్తుంది, మనం నేరుగా నాచునూనె తీసుకోవచ్చు. జిలాటిన్‌కు బదులు మొక్కల పదార్థంతో చేసిన క్యాప్సూళ్ళు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఉషస్తికి దొరికిన నీళ్ళు. మార్చి ఇవ్వగలరా అని డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడి మందు పారేయడం మాత్రం వద్దు.

ఐరన్, కాల్షియం పాలు తాగేవారికీ తాగనివారికీ ఒకటే గొడవ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వారిలో వీగన్లు ఎందరుంటారు? ప్రభుత్వం నాలుగో నెల నుంచి 180 రోజుల పాటు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాల్షియం మాత్రలు వేరు. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, ఎడం ఉంచండి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, ఉసిరి తినడం ఐరన్‌ను పట్టిస్తాయి. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే అదే ఐరన్ పోతుంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. పొట్టు తీయని నువ్వుల్లో దాని మూడు రెట్లకు పైనే. నువ్వులు వేడి, గర్భిణికి పెట్టకూడదని ఇంట్లో ఎవరైనా అంటే గోభిల గృహ్యసూత్రం చూడమనండి. సీమంతంలో బియ్యం, నువ్వులు కలిపి వండిన పులగాన్ని గర్భిణికి చూపి, ఏం కనబడుతోందని అడిగి, ఆ తర్వాత ఆమెనే తినమన్నారు. ఉండలు ఉండలుగా కాకపోయినా రోజుకో నువ్వుండ తినండి.

కడుపు పెరిగేకొద్దీ మాంసకృత్తుల అవసరం పెరుగుతుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు 2020లో చెప్పిన లెక్క, నాలుగో నెల నుంచి మామూలు కన్నా రోజుకు తొమ్మిదిన్నర గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు ఎక్కువ. చారు పోసుకుని లేచిపోతే ఇది తీరదు. ముద్దపప్పు, శనగలు, సోయా, వేరుశనగలు పూటపూటా పళ్ళెంలో ఉండాలి. మొలకలు మంచివే కానీ గర్భంతో ఉండగా పచ్చివి వద్దు, ఉడికించుకోండి. ఇంకొకటి, నియమనిష్ఠలున్న ఇళ్ళలో ఈ మధ్య సైంధవ లవణం ఎక్కువైంది. బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి. సైంధవంలో అది ఉండదు. ఈ తొమ్మిది నెలలూ, బాలింతగా ఉన్నంతకాలమూ అయోడైజ్డ్ ఉప్పే వాడండి.

ఇంత శ్రద్ధ పెడితే సరిపోతుందా అంటే, పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2016లో అమెరికా ఆహార నిపుణుల అకాడమీ, చక్కగా కూర్చుకున్న వీగన్ ఆహారం గర్భిణులకు కూడా తగినదేనంది. అదే ఏడాది జర్మనీ పోషకాహార సంఘం గర్భిణులకు దాన్ని సిఫార్సు చేయలేమంది. రెండు స్మృతులు విభేదిస్తే ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. కానీ ఎంచుకున్నదాన్ని సగంలో వదిలి నచ్చిన ముక్కలు ఏరుకోకూడదు. అమెరికా వారి మాట మీకు నచ్చితే ‘చక్కగా కూర్చుకున్న’ అన్న షరతు కూడా మీదే. బరువు పెరగకపోయినా, రక్తం తగ్గినా, బిడ్డ ఎదుగుదల తక్కువని డాక్టరుగారు గుర్తించినా, మందులతో పూడని లోటుకు కొన్నాళ్ళు పాలు తాగమని ఆవిడ చెబితే తాగండి. విదురుడి ఎనిమిదింటిలో పాలున్నాయి, ఔషధమూ ఉంది. ప్రసవమయ్యాక సంకల్పం మళ్ళీ చెప్పుకోవచ్చు. అహింస అన్నాక మీ కడుపులో ఉన్న ప్రాణి కూడా లెక్కలోకి వస్తుంది కదా. ఎఱ్ఱన తెనిగించిన ధర్మవ్యాధుడి కథలో మిథిలానగరపు కసాయి కౌశికుడికి చెప్పింది కూడా ఇదే దారిలోది. నాగలి సాగినా ప్రాణులు చస్తాయి. బతుకులో హింసను పూర్తిగా తుడిచేయడం ఎవరి తరమూ కాదు, తగ్గించుకోవడమే మనకు సాధ్యం.

అలాంటి అవసరం రానంత వరకు మాత్రం మీ నోట్లోకి ఏం వెళ్ళాలో మీరే నిర్ణయించుకోవాలి. ఈ మాట మీ ఇంట్లోవారికి. ఈ నెలల్లో స్త్రీకి రెండు హృదయాలని, ఆమె కోరికను తోసిపుచ్చితే గర్భానికి చెరుపని సుశ్రుతుడు హెచ్చరించాడు. యాజ్ఞవల్క్యస్మృతి కూడా గర్భిణికి ఇష్టమైనది చేసిపెట్టాలంటుంది. చరకుడు ఇంకో అడుగు వేసి, కోరినది హితం కాకపోయినా గట్టిగా కోరితే హితమైనదాంతో కలిపి ఇవ్వమన్నాడు. మనువు అతిథుల కన్నా ముందు గర్భిణికి అన్నం పెట్టమన్నాడు. ఇష్టం లేని పాలు బలవంతంగా తాగించమని వీరిలో ఎవరూ చెప్పలేదు. అత్తగారి ప్రేమకు చేయడానికి పని దొరకాలి, అంతే. రాత్రి పాలకు బదులు రాగిజావ కాచి ఇమ్మని మీరే అడగండి. మునగాకు వేసిన పప్పు, నెయ్యి లేకుండా కొబ్బరిముక్కలతో చలిమిడి చేసిపెట్టమనండి. బి12 పరీక్ష కాగితం వచ్చినప్పుడు ఆవిడ చేతికే ఇచ్చి చదవమనండి.

సీమంతం. ఆపస్తంబ సూత్రం వారికి ఇది తొలి గర్భంలో నాలుగో నెలలో చేయవలసిన సంస్కారం. మన ఇళ్ళలో ఏడుకో తొమ్మిదికో జరుపుతున్నారు. అందులో మీ పాపిట తీయడానికి వాడే మూడు తెల్లమచ్చల ఏదుపంది ముల్లు ఆ జంతువు ఒంటి నుంచి తనంత తానే రాలేది, దానికి ఏ జీవాన్నీ చంపక్కర్లేదు. మేడిపళ్ళ గుత్తి, దర్భలు, తలకు కట్టే మొలకెత్తిన యవలు అన్నీ మొక్కలే. ఆజ్యహోమం చేసేది మీ భర్త. ద్రవ్యం దొరకనప్పుడే ప్రతినిధి ద్రవ్యం, ఇష్టం లేదని మార్చడానికి వీల్లేదు కనుక నేతికి బదులు నూనె వాడమని నేను చెప్పలేను. దూడ కడుపు నిండాకే పాలు పిండే ఇంటి నుంచో గోశాల నుంచో ఒక చిన్న గిన్నెడు నెయ్యి తెప్పించండి. అది అగ్నికి, మీకు కాదు. పీటల మీద నిరభ్యంతరంగా కూర్చోండి. బ్రహ్మగారు శేషం పుచ్చుకోమంటే కళ్ళకద్దుకుని పక్కన పెట్టండి.

ప్రసవమయ్యాక బి12 ఆపేయకండి, పాలిచ్చినంతకాలం అవసరమే. జాతకర్మలో బిడ్డ నాలుకకు రాసే తేనె, ఏడాది లోపు పిల్లలకు ప్రమాదమని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. దానికి ఏం చేయాలో పురుడు వచ్చే నెలకు ముందుగా మీ పురోహితుడితో మాట్లాడి పెట్టుకోండి.