దొడ్డివైపు నుంచి చూస్తే

పాత ఇల్లు కూల్చేస్తున్నారంటే నాకు బాధ కలుగుతుంది. ఆ బాధ ఎంతవరకు నిజం అన్న అనుమానం కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

రాజమండ్రి ఇన్నీసుపేటలోనో దానవాయిపేటలోనో ఒక మండువా లోగిలి చుట్టూ పచ్చ నెట్టు కట్టారని తెలిస్తే చాలు, ఫోన్లలో ఫొటోలు తిరగడం మొదలెడతాయి. చెక్కడపు ద్వారబంధం, రాతి అరుగు, నున్నటి టేకు స్తంభాలు, మండువాలోంచి కనిపించే చదరపు ఆకాశం. కింద ‘ఆ రోజులే వేరు’ అన్న నిట్టూర్పులు. నేనూ నిట్టూరుస్తాను. కానీ ఆ ఫొటోలన్నీ వీధిలో నిలబడి తీసినవో, మండువాలో నిలబడి తీసినవో. దొడ్డివైపు నుంచి తీసినది ఒక్కటీ ఇంతవరకు నా కంటపడలేదు.

అరుగుల గురించి చెప్పేవన్నీ నాకు కంఠతా వచ్చు. ఊరంతా అక్కడే కూర్చునేదట, దారినపోయేవాడికి దాహం తీరేదట, మనుషుల మధ్య గోడలుండేవి కావట. ఏ ఊరంతా? అరుగెక్కి కూర్చోదగినవాళ్లెవరో, మెట్టు కింద నిలబడి మాట్లాడాల్సినవాళ్లెవరో, అసలు ఆ వీధిలోకే రాకూడనివాళ్లెవరో శంకుస్థాపన నాటికే తేలిపోయిన సంగతి. ఇంటికి వచ్చే గాలికి తప్ప ఇంకెవరికీ రెండు తలుపుల్లోనూ సమానంగా దారి ఉండేది కాదు. గాలి మాట ఊరికే అనడం లేదు. వీధి తలుపు, దొడ్డి తలుపు ఒకే వరసలో పెట్టడం, నడుమ మండువా తెరిచి వేడిగాలిని పైకి పోనివ్వడం, వీటివల్లే ఆ ఇళ్లు మే నెలలో కూడా చల్లగా ఉండేవి. దొడ్డి తలుపు మూసేస్తే ఆ లోగిలీ ఉక్కపెట్టేదే.

నాకు ఆ ఇళ్ల మీద మాట్లాడే హక్కు ఎంతుందో కూడా చెప్పాలి. మాది కాదు, అద్దెకున్నాం. ఇంటివారు వీధివైపు ఉండేవాళ్లు. వెనక వాటాలో రెండు గదులూ ఒక వంటింటి ముక్కా మావి. పక్క వాటాలో ఇంకో కుటుంబం. బావి అందరిదీ. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి ఉండేది కాబట్టి వానొస్తే నీళ్లన్నీ మండువాలోకి దూకి, తూము గుండా దొడ్లోకి పోయేవి. చూడ్డానికి వైభోగమే. అమ్మకి మాత్రం వానంటే హడలు. కోతులు గంతులేసి పెంకు కదిపేవి. కదిలిన ప్రతిచోటా ధార. మరచెంబులు, తపేలాలు, చివరికి ఉప్పు జాడీ మూత కూడా ఆ ధారల కింద చేరేవి. బియ్యం డబ్బా ఒక మూల నుంచి ఇంకో మూలకి ప్రయాణం చేసేది. పెంకు సర్దించమని అడిగితే ఇంటివారు ‘చూద్దామమ్మా’ అనేవారు. ఏటా వైశాఖం వెళ్లేలోపు ఎవరో ఇద్దరు మనుషులు పైకెక్కేవాళ్లు. పెంకులు ఒక్కొక్కటీ దింపి, దులిపి, పగిలినవి పక్కన పెట్టి, మళ్లీ పేర్చేవాళ్లు. అందుకోవడం నా పని. గూనపెంకు బోర్లిస్తే లోపలివైపు అడ్డంగా మూడు నాలుగు గాళ్లుండేవి. సారె మీద మట్టి లేస్తున్నప్పుడు కుమ్మరి వేళ్లు నడిచిన జాడలవి. నా వేళ్లు వాటిలో పెట్టి చూసుకునేవాణ్ణి. ఎప్పుడూ పట్టేవి కావు, ఆయన వేళ్లు లావు.

బావి వెనక మునగచెట్టు, దాని వెనక మరుగుదొడ్డి. దానికి వెనక గోడలో, నేలకి ఆనుకుని, చిన్న రేకు తలుపు. అది పాకీ సందులోకి తెరుచుకునేది. వీధిలో రెండు వరసల ఇళ్ల వీపులు కలిసేచోట, మనిషి పట్టేంత వెడల్పున ఆ సందు ఉండేది. పొద్దున్నే ఒకావిడ తట్ట, రేకు ముక్క, బూడిద పట్టుకుని ఆ సందులో వచ్చేది. రేకు తలుపు తీసేముందు చేతిలో ఉన్న ముక్కతో రెండుసార్లు టకటక కొట్టేది. లోపల ఎవరైనా ఉంటే లేచిపోవాలి. అంత పనిలోనూ మా మర్యాద కాపాడింది ఆవిడే. ఆవిడ పేరు మాలో ఎవరికీ తెలీదు, పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు కనుక. పండగ పూట అమ్మ రెండు గారెలు కాగితంలో చుట్టి సందు గోడ మీద పెట్టేది. చేతికి ఇవ్వడం నేను చూడలేదు. నీళ్లు అడిగితే అమ్మ ఇటునుంచి గోడమీదుగా ఎత్తి పోసేది, అటువైపు ఆవిడ దోసిలి పట్టేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ ముఖం నాకు గోడకి పైనే కనపడింది, భుజాల వరకు.

ఆ ఇల్లు వారసుల చేతుల్లో ముక్కలై, చివరికి బిల్డరుకి వెళ్లింది. దూలాలు, స్తంభాలు కలప అడితికి పోయాయి. ద్వారబంధం హైదరాబాద్ శివార్లలో ఎవరిదో ఫామ్‌హౌస్‌లో నిలబెట్టారని విన్నాను. వార్త చెప్తే అమ్మ నిట్టూరుస్తుందనుకున్నాను. “పీడా పోయిందిరా. ఆ చెమ్మకే నాకు ఈ మోకాళ్లు ఇలా అయ్యాయి” అంది. ఇప్పుడు ఆవిడ రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటుంది. తిప్పితే నీళ్లు, నొక్కితే వెలుగు. ఎప్పుడైనా బెంగపడుతుందేమోనని నేను కనిపెట్టి చూశాను. పడలేదు.

నా అనుమానం పుట్టింది అక్కడే. తుడిచిన చేతులకి లేని ప్రేమ, చూసిన కళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అందుకని కూల్చేయడమే న్యాయం అని కొంతకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఈ వాదానికి బలం లేకపోలేదు. మన దేశంలో పాత కట్టడాలపై పడ్డ దెబ్బల్లో నాకు పూర్తిగా న్యాయమనిపించినవి మరుగుదొడ్ల మీద పడ్డవే. మనిషి చేత మలం ఎత్తించడాన్నీ, అలాంటి దొడ్లు కట్టడాన్నీ నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. కాగితం మీద చట్టం సరిపోక, సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు పలుగులు పట్టుకుని వెళ్లి ఆ దొడ్లను స్వయంగా పడగొట్టారు. కోలారు బంగారు గనుల్లో అదే పనిచేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పనికి ముందు నిలిచినవాడు. 2016లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. మళ్లీ 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చిందంటేనే, పడగొట్టాల్సినవి ఎన్ని మిగిలాయో ఊహించుకోవచ్చు. ఆ పలుగుపోట్లను చూసి ‘అయ్యో మన వారసత్వం’ అనేవాడు ఉంటే, వాడితో నాకు మాట లేదు.

అయితే అపార్టుమెంటు వచ్చి ఏం చేసింది? గోడ పడింది, గోడ వెనక బుద్ధి పడలేదు. పనివాళ్లు ఈ లిఫ్టు ఎక్కరాదన్న కాగితం అతికించిన అపార్టుమెంట్లు నేను చూశాను. అద్దెకి ఇల్లడిగితే పేరు తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత ‘మీరు ఏమిట్లు?’ అన్న ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. మా సందు ఇప్పుడు లేదు. రెండువైపుల కాంపౌండ్లు జరిగి జరిగి దాన్ని మింగేశాయి, దానిమీద జనరేటరు కూర్చుంది. ఇకమీదట ఎవరైనా ‘మన ఊళ్లో అలాంటివేం లేవండీ’ అంటే కాదని చూపించడానికి ఒక్క ఇటుక లేదు. అలవాటు మిగిలింది, సాక్ష్యం పోయింది.

మరి కాపాడుతున్నవాటి సంగతి? హైదరాబాద్‌లో 1995లో వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. వాటికి రక్షణగా ఉన్న నిబంధనను 2015 చివర్లో తీసేశారు. 2017లో తెలంగాణ వేరే చట్టం చేసుకుంది. ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్‌ను కొత్త శాసనసభ కోసం కూల్చాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మంచిదే. చౌమహల్లా పునరుద్ధరణకి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అదీ మంచిదే. కానీ దేవిడీలకీ మహళ్లకీ కోర్టుకెళ్లే గొంతులున్నాయి. ఇన్నీసుపేట పెంకుటింటికి ఎవరు వాదిస్తారు? వాదించినా, దర్బారు హాలు గురించి వాదించినట్టు, వెనక గిన్నెలు తోమిన రాతి గురించి వాదిస్తారా?

రాజమండ్రిలోనే, ఇలాంటి ఇల్లొకటి నిలిచి ఉంది. కందుకూరి వీరేశలింగం గారిది. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకీ గౌరమ్మకీ జరిపించిన తొలి వితంతు వివాహం పుణ్యాన ఆ పేరు మనకి గుర్తు. ఆ రోజుల్లో వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి వండారు. ఆ పెళ్లి నిలబడింది పంతులుగారి ఉపన్యాసాల మీద ఎంతో, ఆవిడ బిందె మీదా అంతే. ఒక ఇంటిని దేనికోసం కాపాడాలో నాకు కొంచెం అర్థమైంది ఇక్కడే. దాని నగిషీ కోసం కాదు. అందులో రోజూ జరిగిన చాకిరీ ఒకనాడు ఎదురుతిరిగిందనో, తలకెత్తుకుందనో చెప్పడం కోసం.

ఇంతవరకు వచ్చి నా ఆలోచన మళ్లీ చిక్కుపడుతుంది. మా సందు గోడ మిగిలి ఉందనుకుందాం. దాన్ని ఉంచుదాం, కింద ఒక ఫలకం పెడదాం అని నేనంటాను. ఆ సందులో నడిచినావిడ మనవరాలు వచ్చి, ‘మా అమ్మమ్మ అవమానాన్ని నువ్వు ప్రదర్శనకి పెడతావా?’ అంటే ఏం చెప్పాలి? నా దగ్గర జవాబు లేదు. పడగొట్టమంటే పడగొట్టాల్సిందే, పలుగు ఆవిడ చేతికే ఇవ్వాలి. ‘ఉంచండి, మీ పిల్లలు చూడాలి’ అన్నా అది ఆవిడ అనాల్సిన మాటే. నేను అనకూడదు. వారసత్వ కమిటీల్లో ఆర్కిటెక్టుకీ, చరిత్రకారుడికీ కుర్చీ ఉంటుంది. ఈ మనవరాలికి ఉండదు.

ఇక్కడితో కూల్చేవాళ్ల పక్షానికి చేరిపోదునేమో. వీధి ముఖం ఒక్కటే సున్నం కొట్టి నిలబెట్టి, లోపల కాఫీ అమ్మే రకం పునరుద్ధరణ కంటే మొత్తం నేలమట్టం చేయడమే నిజాయితీ అనీ అనబోయాను. ఆపింది పెంకు మీది వేళ్ల జాడ.

ఆ ఇల్లు ఇంటివారిది అని ఎందుకు అనుకుంటున్నాను? పట్టా వాళ్ల పేర ఉంది, అంతే. ఆ కప్పు కుమ్మరిది. ఆ స్తంభాలకి నునుపు తెచ్చింది వడ్రంగి. గానుగలో రాళ్లు తిరిగి సున్నం నలుగుతుంటే ఎద్దుల వెనక నడిచినవాడొకడు. అరుగుకి బండలు మోసినవాళ్లు ఆ పని ముగిశాక దానిమీద కూర్చోలేకపోయారు. వాళ్లు రాసిన పుస్తకాలు లేవు, వాళ్ల ఫొటోలు లేవు. వాళ్లవంటూ ఊళ్లో మిగిలిన చేతిపని ఈ ఇళ్లే. ఇల్లు కూల్చితే యజమానికి డబ్బొస్తుంది, ఆ చేతుల ఆఖరి ఆనవాలు మాత్రం లారీలో డంపింగ్ యార్డుకి పోతుంది. ఇళ్లను ఉన్నవాళ్ల కోసం కాపాడాలన్న మాట మీద నాకు నమ్మకం పోయింది. కట్టినవాళ్ల కోసం, ఊడ్చినవాళ్ల కోసం కాపాడాలంటే ఒప్పుకుంటాను. అమ్మకి ఆ ఇంటి మీద ప్రేమ లేకపోవడమే దాన్ని గుర్తుంచుకోవడానికి మొదటి కారణం. ప్రేమ ఉన్నవాళ్లు ఫొటోలు తీసుకున్నారు కదా, లేనివాళ్ల మాట ఎవరు రాస్తారు?

అన్ని ఇళ్లూ నిలవవు. నిలవాలని అనను కూడా. వారసులకి అప్పులుంటాయి, పెంకుకి ఏటా ఖర్చు, పక్కన అయిదంతస్తులు లేస్తే బావి ఎండుతుంది. అయినా అమ్మేలోపు చేయదగిన పని ఒకటుంది. మీ పాత ఇంటికి కొలతలు తీయించండి, ప్లాను గీయించండి. గీసేటప్పుడు టేపు దొడ్డిగోడ దగ్గర ఆపకండి, సందు అవతలి గోడ దాకా లాగండి. మరుగుదొడ్డి ఎక్కడుండేదో, నీళ్లు ఎటునుంచి వచ్చేవో, ఎవరు ఎంతవరకు రాగలిగేవాళ్లో ఆ ప్లాను మీదే రాయించండి. పెంకు ఎక్కినవాళ్ల పేర్లు, సున్నం వేసినవాళ్ల పేర్లు, సందులో వచ్చినవాళ్ల పేర్లు కనుక్కుని చేర్చండి. ఇంట్లో ముసలివాళ్లను అడిగితే కొన్ని తెలుస్తాయి. మిగతావాటి కోసం ఆ సందులోకి వచ్చినవాళ్ల ఇళ్లకి మనం వెళ్లాలి. వాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. ఈ ఏడే అడగండి.