సగటు చాటున దాగేదెవరు?



ఒక వీధిలో ఒక మేడ, తొమ్మిది గుడిసెలు ఉన్నవనుకుందాము. మేడలో నెలకు 1000 యూనిట్ల కరెంటు కాలుతుంది. గుడిసెకు 50 చొప్పున తొమ్మిదింటిలో 450. మొత్తం 1450, ఇంటికి సగటున 145. "మా వీధిలో వాడకం తక్కువే" అని మేడవారు చెప్పుకుంటే లెక్కలో తప్పు లేదు. కాని అది న్యాయమా?

దేశాల సంగతి కూడ ఇంతే. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించుట వలన వెలువడే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తున్నది. అది అమెరికాలో తలసరి ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దేశంలో సుమారు 2 టన్నులు. బ్రతుకు కోసం పేదవాడు వరి పండించినా, పశువులను పెంచినా వెలువడే వాయువును, ధనవంతుల విలాసాల పొగను ఒకే త్రాసులో తూచరాదని 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు. న్యాయమైన మాట.

అయితే ఆ త్రాసును మన దేశం లోపల కూడ పెట్టాలి గదా! 2007లో గ్రీన్‌పీస్ ఇండియా ఆ పనే చేసింది. నెలకు 30,000 రూపాయల పైన రాబడి గలవారు, 3,000 లోపు వారికంటె తలకు సుమారు నాలుగున్నర రెట్లు కార్బన్ వెలువరిస్తున్నారని తేల్చింది. అంటే మన సగటును తక్కువగా నిలిపినది మన పొదుపు కాదు, పేదల లేమి.

"పేదల రాబడి పెరిగితే పొగ కూడ పెరుగుతుంది గదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇంటిలోకి ఫ్యాను, గ్యాసు పొయ్యి వస్తాయి. ఆదాయాలు సమానమైనంత మాత్రాన పొగ దానంతట అదే తగ్గదు. అందుకని పేదవానిని చీకటిలోనే ఉంచుదామా? ఆ మాట అనడానికి ఏ మనస్సాక్షి ఒప్పుకుంటుంది?

మరల ఆ వీధికే వెళ్దాము. ప్రతి గుడిసెకు ఇంకో 50 యూనిట్లు ఇచ్చి, మేడలో 450 తగ్గిస్తే మొత్తం అదే 1450. అప్పటికీ మేడకు 550, గుడిసెకు 100! మేడలో ఎవరూ చీకటిలో కూర్చోరు. గుడిసెలో పిల్లలు ఫ్యాను క్రింద చదువుకుంటారు.

గనుక తగ్గించుకొనుట ఎక్కువ వాడేవారితోనే మొదలు కావాలి. ఆ వీధిలో మన ఇల్లు ఏ వైపున ఉన్నదో ఈ నెల కరెంటు బిల్లు చూచి మనమే తెలిసికొనవచ్చును.